మూడక్షరాల కోత

"నాలుగు కుట్లు పడ్డాయి. ఇంకెన్ని పడితే నీకు బుద్ధొస్తుంది?"

అత్తగారు ఆ మాట అన్నది కుట్లు పడిన కొడుకుతో కాదు, అతని పక్కన మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడిన చిన్న కోడలితో. కొడుకు సోఫాలో దిండుకి జారగిలబడి, నుదుటి మీద తెల్ల పట్టీతో, గొడవ పక్కింట్లో జరుగుతున్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నలభై ఒక్కేళ్ళ మనిషి, పద్నాలుగేళ్ళు సిటీ బస్సు తోలినవాడు. ఆవిడకి మాత్రం ఇంకా పిల్లాడే.

"పొట్ట తగ్గాలి, పొట్ట తగ్గాలి అంటూ రెండు నెలల్నించి పిల్లాడి కడుపు మాడ్చావు. నిన్న పొద్దున మెట్ల మీద కళ్ళు తిరిగి పడ్డాడంటే పడడా మరి? వీధి చివర డాక్టరు కూడా నీరసమనే అన్నాడు."

"కడుపు మాడ్చలేదత్తయ్యా. మళ్ళీ బస్సెక్కాలంటే బరువు తగ్గాలని డిపోలో రాసిచ్చారు. రాత్రిపూట కాస్త తగ్గించానంతే."

"తగ్గించావా లేదా?"

"తగ్గించాను."

"మరి నేననేదేమిటి?"

చిన్న కోడలు గ్లాసు బల్ల మీద పెట్టి తల దించుకుంది. ఈ వరసలో ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. మామగారు పోయేదాకా ప్రయత్నిస్తూనే ఉన్నారు పాపం.

పెద్ద కొడుకు లెక్కల మాస్టారు. పరీక్ష పేపర్ల కట్ట ఒళ్ళో పెట్టుకుని ఎర్ర పెన్నుతో దిద్దుతున్నాడు. పావుగంట నించి ఒకే పేపరు దిద్దుతున్నాడు.

పెద్ద కోడలు గుమ్మంలో నిలబడిపోయింది. చెప్పులు కూడా విప్పలేదు. శనివారం సెలవైనా తెల్లారగానే ల్యాబుకి వెళ్ళి, ఇప్పుడే తిరిగొచ్చింది. ఆ గదిలో అసలు సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెకే నోరు పెగలడం లేదు.

"వచ్చావా అమ్మా," అంది అత్తగారు, ఆమెని చూడగానే గొంతు మార్చి. "నువ్వైనా చెప్పు దీనికి. చదువుకున్నదానివి."

ఆమె చెప్పులు విప్పడానికి వంగింది. అవి విప్పడానికి అంతసేపు పట్టనక్కర్లేదు.

అసలు సంగతి ఇదీ. మరిది పడింది నీరసం వల్ల కాదు, మూడు నెలలుగా వేసుకుంటున్న తలనొప్పి మాత్ర వల్ల. ఆ మాత్ర ఇంకా మందుల షాపుల్లోకి రాలేదు. రెండు వందల పన్నెండు మందికి ఇచ్చి చూస్తున్నారు. వాళ్ళలో ఒకడిగా అతన్ని చేర్పించింది ఆమె. ఆ మాత్ర గుండె జోలికి వెళ్ళదని తేల్చిన ప్రయోగం చేసింది కూడా ఆమే.

మరిదికి ఇరవయ్యో ఏటి నించి పార్శ్వపు తలనొప్పి. వచ్చిందంటే వెలుతురు చూడలేడు, మాట వినలేడు. నిరుడు నడిరోడ్డు మీద బస్సు ఆపేసి స్టీరింగు మీద తల పెట్టుకున్నాక, డిపో వాళ్ళు అతన్ని దింపేసి పోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. ఎవరెవరో మర్చిపోయిన గొడుగులకి చీటీలు కట్టే పని. ఎనిమిది నెలలు కట్టాడు. మాత్ర మొదలెట్టిన రెండో వారానికి తలనొప్పి మాయమైంది. మొన్న మెడికల్ పరీక్ష కూడా నెగ్గాడు. ఎల్లుండి సోమవారం, పొద్దున ఆరింటి బస్సు అతనిదే.

పోయిన సోమవారం మేడ మీద బట్టలు ఆరేస్తూ చిన్న కోడలు గుట్టు విప్పింది.

"అక్కా, ఎవరికీ చెప్పనంటే నీకొకటి చెబుతాను. మూడు వారాల కిందట ఆయన స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడ్డారు. దెబ్బ తగల్లేదులే. మందు వాళ్ళకి తెలిస్తే తీసేస్తారని, చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. వారం వారం నర్సు ఫోన్ చేస్తే అంతా బాగుందనే చెబుతున్నాను. ఫరవాలేదంటావా?"

"చూస్తాను," అంది పెద్ద కోడలు.

ఆ సాయంత్రమే ల్యాబుకి పోయి రెండేళ్ళనాటి కాగితం బయటికి తీసింది. కణాల్లో ఒక జన్యువుని కోసి, ఆ జన్యువు తయారుచేసే రిసెప్టర్ లేకుండా పెంచిన కణాల జన్యువు రాతని అక్షరం అక్షరం అచ్చేసిన కాగితం అది. రిసెప్టర్ అంటే కణం ఒంటి మీద ఉండే మీట లాంటిది. మందు వచ్చి దాన్ని నొక్కితే లోపల పని మొదలవుతుంది. ఆ మీట తలలోని నరాల్లోనూ ఉంది, గుండెలోనూ ఉంది. కొత్త మందు దాన్నే నొక్కుతోందా, ఇంకో దారిన పనిచేస్తోందా అన్నది ప్రశ్న. మీట తీసేసిన కణాల్లో కూడా మందు నిక్షేపంగా పనిచేసింది. అయితే ఇంకో దారే, గుండెకి భయం లేదు అని రాశారు. అందుకే పరీక్షలో గుండె మీద కన్నేసి ఉంచే ఏర్పాటేదీ పెట్టలేదు.

ఆమె పెన్సిల్ తీసుకుని కోత పడిన చోట అక్షరాలు లెక్కపెట్టింది. మూడు పోయాయి.

జన్యువు రాతని కణం మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ఒకటో రెండో పోతే అక్కణ్ణించి వరస చెడిపోయి అంతా అర్థంలేని గోలవుతుంది, మీట తయారవదు. సరిగ్గా మూడు పోతే ఒక్క ముక్క తగ్గి మిగతాది ఉన్నదున్నట్టు తయారవుతుంది. ఈ సంగతి ఆమెకి తెలియక కాదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజున ఆమె చెప్పే పాఠమే అది. ఆ రోజు మాత్రం లెక్కపెట్టలేదు. పదకొండు నెలలుగా కుదరని కోత ఆ సాయంత్రం కుదిరింది. కాగితంలో ఖాళీ కనపడగానే కళ్ళు చెమర్చి ప్రొఫెసర్‌కి ఫోన్ చేసింది. రిసెప్టర్‌ని నేరుగా పట్టి చూపించే పరీక్ష ఒకటుంది. దానికి కావలసిన, ఆ రిసెప్టర్ ఉంటే పోయి అతుక్కునే యాంటీబాడీ రావడానికి ఆరు వారాలు పడుతుందన్నారు. ఆగలేదు. వస్తూ దారిలో పెద్ద కేకు కొని ఇంటిల్లిపాదికీ పంచింది.

ఇప్పుడు ల్యాబులో ఆ యాంటీబాడీ ఉంది. మంగళవారం సాయంత్రానికి పరీక్ష ఫలితం వచ్చింది. ఖాళీగా ఉండవలసిన చోట నల్లటి గీత. మీట ఎక్కడికీ పోలేదు.

మంగళవారం నించి శనివారం దాకా ఆమె ఏం చేసిందంటే, అదే పరీక్ష మళ్ళీ చేసింది. మూడుసార్లు చేసి చూడనిదే నోరు విప్పకూడదని వాళ్ళ ల్యాబులో నియమం. మంచి నియమమే. దాని చాటున దాక్కోవచ్చని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. గురువారం రెండోసారి గీత వచ్చింది. శుక్రవారం పొద్దున మరిది మెట్ల మీద పడ్డాడు. ఇవాళ పొద్దున మూడోసారీ వచ్చింది.

వంటింట్లో చిన్న కోడలు తోమిన గిన్నెలే మళ్ళీ తోముతోంది.

"అవి శుభ్రంగానే ఉన్నాయి," అంది పెద్ద కోడలు.

"నేనే చేశానేమో అక్కా." ఆ అమ్మాయి వెనక్కి తిరగలేదు. "అత్తయ్య అన్నదాంట్లో తప్పేముంది? ఆకలేస్తోందని ఆయన రెండు మూడుసార్లు అన్నారు. మంచినీళ్ళు తాగి పడుకోమన్నాను. నవ్వుకున్నాం కూడా."

"నీ తప్పేం కాదు."

"నీకెలా తెలుసు?"

పెద్ద కోడలు ఆరిన గిన్నె ఒకటి తీసి అలమరలో పెట్టింది. తర్వాత ఇంకోటి.

"డాక్టరు నాడి చూసి నిమిషానికి నలభై ఆరే కొట్టుకుంటోందన్నాడు," అంది చిన్న కోడలు. "ఆటగాళ్ళకి అలాగే ఉంటుందట. ఈయనేం ఆటగాడు అక్కా? సోఫాలోంచి రిమోటు కోసం లేవడానికే నన్ను పిలుస్తారు."

ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు చెప్పెయ్యాలి, ఈ గిన్నె పెట్టగానే చెప్పెయ్యాలి అనుకుంది పెద్ద కోడలు. గిన్నెలైపోయాయి.

"నువ్వు ఇంట్లో ఉన్నావు కాబట్టి నాకు ధైర్యంగా ఉంది," అంది చిన్న కోడలు. "ఏదైనా ఉంటే నువ్వు కనిపెట్టేదానివి కదా."

ఆమె చెయ్యి తుడుచుకునే మిషతో గుడ్డ కోసం అటు తిరిగింది. అంతటి దొంగతనం జన్మలో చెయ్యలేదని ఆ క్షణాన తనకే అనిపించింది.

నాలుగింటికి మరిది తన గదిలో మంచం మీద కూర్చుని యూనిఫాం చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. పెళ్ళాం కుడతానన్నా ఇవ్వలేదట.

"రా కత్తెర వదినా," అన్నాడు. ఆమె జన్యువులు కోస్తుందని తెలిసిన రోజునుంచీ ఆ పేరు పెట్టాడు. "కుట్లు ఆ డాక్టరుకే కాదు, నాకూ వచ్చు. చూడు."

మాత్రల పెట్టె పక్క బల్ల మీద ఉంది. రోజుకి రెండు, పొద్దున ఏడింటికి ఒకటి, సాయంత్రం ఏడింటికి ఒకటి.

"సాయంత్రం మాత్ర వేసుకోకు."

సూది ఆగింది. "ఎందుకు?"

"నాకు అనుమానంగా ఉంది."

"నువ్వు అనుమానం మీద ఏదీ చెప్పవే. చూశాకే చెబుతానంటావు. ఏం చూశావ్?"

ఆమె తలుపు వైపు చూసింది. "కొన్నాళ్ళు ఆపి చూద్దాం. నా మాట విను."

"ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు. మూడో రోజుకి కంట్లో మేకు దిగుతుంది." అతను చొక్కా ఒళ్ళో పెట్టుకున్నాడు. "వదినా, నీకు తెలీదు. పోయిన సామాన్ల గదికి కిటికీ ఉండదు. నాతో పనిచేసిన కండక్టర్లు వచ్చి, అన్నా ఓ గొడుగు దొరికింది, రాసుకో అనేవాళ్ళు. రాసుకునేవాణ్ణి. నీ పుణ్యమా అని మళ్ళీ సీటెక్కుతున్నాను. ఆపమనాలంటే కారణం చెప్పు, ఆపేస్తాను. కారణం లేకుండా మా అమ్మ చెప్పినా ఆపను."

నీ పుణ్యమా అని. ఆమెకి ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. అరవై మంది జనం ఉన్న బస్సు, ముందు సీట్లో నాడి నలభై ఆరున్న మనిషి. అది ఆమె కళ్ళముందుకి వచ్చింది.

"చెప్పవేం?"

"ఒక ఫోన్ చేసుకుని వస్తాను," అంది.

మేడ మెట్ల మలుపులో నిలబడి ప్రొఫెసర్‌కి ఫోన్ చేసింది. అన్నీ చెప్పింది, మూడు అక్షరాలూ, మూడు గీతలూ, మరిదీ. ఆయన చెడ్డవాడేం కాదు. ఆమె పెళ్ళికి పెద్దగా నిలబడినవాడు.

"యాంటీబాడీ సరైనదేనా? ఇంకో దాన్ని పట్టుకోవచ్చుగా అది."

"మామూలు కణాలతో పోల్చి చూశాను సార్. అదే ఎత్తులో, అదే గీత."

"కోతని నువ్వు నిర్ధారించావని రాశాం కదమ్మా."

"కోత పడింది సార్. రిసెప్టర్ పోలేదు. అది పోయిందో లేదో చూడకుండానే రాశాను."

"నేనూ సంతకం పెట్టాను." ఆయన గొంతు తగ్గింది. "సోమవారం పదింటికి కూర్చుందాం. ఏ మాటలు వాడాలో చూసుకుని రాద్దాం. అందాకా ఎవరితోనూ అనకు. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోలేం."

"సోమవారం ఆరింటికి మా మరిది బస్సెక్కుతాడు సార్."

"మీ ఇంటి సంగతి నువ్వు చూసుకో. ఏదో ఒకటి చెప్పి ఆపు."

ఫోన్ పెట్టేశాక కూడా ఆమె అక్కడే ఉంది. సోమవారం అన్న మాట వినగానే తన గుండెల మీంచి బరువు దిగినట్టయింది, ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణానికీ ఆమె తనని తాను క్షమించుకోలేకపోయింది.

ఆరున్నరకి అత్తగారు అందరినీ హాల్లోకి పిలిచింది. ఆవిడ పిలిచిందంటే తీర్పు సిద్ధంగా ఉందని అర్థం.

"చిన్నదానా, రేపు మీ అమ్మగారింటికి వెళ్ళు. రెండు నెలలుండు. కోపంతో అనడం లేదు. వీడు మళ్ళీ మనిషయ్యేదాకా వీడి తిండీ తిప్పలూ నేను చూసుకుంటాను."

"అమ్మా," అన్నాడు మరిది.

"నువ్వు మాట్లాడకు. నిన్న నువ్వు మెట్ల కింద రక్తంలో ఉంటే ఎత్తింది నేను."

చిన్న కోడలు మొగుడి వైపు చూడలేదు, అత్తగారి వైపు చూడలేదు. "సరే అత్తయ్యా," అంది. ఆ సరే అన్నది మొండితనంతో కాదు. నిజంగా తన తప్పేనని ఒప్పుకున్న గొంతు అది.

పెద్ద కోడలు నిలబడింది.

"తను ఎక్కడికీ వెళ్ళక్కర్లేదత్తయ్యా. తిండి వల్ల కాదు. ఆ మాత్ర వల్ల. ఆ మాత్ర గుండెని ఏమీ చెయ్యదని రాసింది నేను. నేను రాసింది తప్పు."

ఎర్ర పెన్ను ఆగింది. అత్తగారు కొడుకు మొహంలోకీ కోడలి మొహంలోకీ మార్చి మార్చి చూసింది, ఎవరో ఒకరు ఇది పరిహాసమని చెబుతారేమోనని. ఎవరూ చెప్పలేదు.

"నాకు అర్థమయ్యేలా చెప్పు," అన్నాడు మరిది.

ఆమె అతని ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. "నువ్వు బస్సు తోలుతున్నావు. వెనక ఎవరో గంట కొట్టారు, బస్సు ఆగింది. గంట వల్లే ఆపావా, ముందు ఎర్ర దీపం చూసి ఆపావా? తెలియాలంటే ఏం చెయ్యాలి?"

"గంట పీకేసి చూడాలి."

"పీకేశాక కూడా బస్సు ఆగింది."

"అయితే గంట వల్ల కాదు."

"నేనూ అదే రాశాను. గుండెలో కూడా అదే గంట ఉంది. అది మోగితే గుండె నెమ్మదిస్తుంది. మందు గంట జోలికి పోవడం లేదు కాబట్టి గుండెకేం కాదని రాశాను. కానీ గంట నేను పీకలేదు. పీకాననుకున్నాను. దాని మీది రేకు ఒకటి ఊడింది, అంతే. గంట మోగుతూనే ఉంది. నీ గుండెలో మూడు నెలలుగా మోగుతోంది."

మాస్టారు నెమ్మదిగా అడిగాడు. "ఎన్ని అక్షరాలు పోయాయి?" పెళ్ళయిన కొత్తలో ఈ పాఠం ఆయనకీ చెప్పింది.

"మూడు."

"మూడు పోతే వరస చెడదు కదా."

"చెడదు."

"లెక్కపెట్టలేదా?"

"లేదండీ."

ఆయన పేపర్లు తీసి పక్కన పెట్టాడు. మూడు వందల మంది పిల్లలకి, చివర్లో ఒకసారి సరిచూసుకోండిరా అని ఏడాది పొడుగునా చెప్పే మనిషి. ఆ మాట ఇప్పుడు అనకుండా ఊరుకోవడం చూసి ఆమెకి ఏడుపొచ్చింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు మరిది.

"నిన్న," అంది ఆమె.

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. ఇంత చెప్పాక, ఆ కాస్త దగ్గర నాలుక తనంతట తానే పక్కకి తప్పుకుంది.

"నిన్న సాయంత్రం," అని ఇంకొంచెం గట్టి చేసింది.

మరిది నుదుటి పట్టీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. కోపం ముందు చెవుల్లోకి వచ్చింది, తర్వాత గొంతులోకి.

"నువ్వు ఇచ్చావు, నువ్వే లాక్కుంటున్నావు. ఎల్లుండి నా పేరు బోర్డు మీద రాసుంది వదినా. చూసొచ్చాను. ఫోటో తీసుకున్నాను."

"తెలుసు."

"తెలీదు. నీ పని తప్పయితే ఇంకోసారి చేసుకుంటావు. నాకు ఇంకోసారి లేదు. ఈసారి దింపితే మళ్ళీ ఎక్కించరు."

"ఒరేయ్, బతికున్నావు, అది చాల్దా?" అంది అత్తగారు. ఆవిడ గొంతు వణకడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు ఇంతవరకూ. ఆవిడ చెయ్యి వెతుక్కుంటూ పోయి చిన్న కోడలి చెయ్యి పట్టుకుంది. క్షమించమని ఆవిడ అడగదు. చెయ్యి మాత్రం వదల్లేదు.

బయట వీధిలో ఎవరో మోటారు సైకిలు స్టార్టు చెయ్యడానికి అవస్థ పడుతున్నారు.

"ఎంతమంది వేసుకుంటున్నారు ఈ మాత్ర?" అన్నాడు మరిది చివరికి.

"రెండు వందల పన్నెండు మంది. నీతో కలిపి."

"వాళ్ళలో డ్రైవర్లు ఉండరా?"

"ఉండొచ్చు."

"మీ ప్రొఫెసర్ ఏమన్నాడు?"

"సోమవారం పదింటికి కూర్చుందామన్నారు."

అతను గోడ గడియారం వైపు చూశాడు. ఏడుకి పది నిమిషాలుంది. "నాకంటే ఇంట్లో వదిన ఉంది, చెప్పింది. వాళ్ళకి ఎవరు చెబుతారు? ఇంకో పది నిమిషాల్లో అందరూ మాత్ర వేసుకుంటారుగా."

అది కోపంతో అన్నది కాదు. అందుకే ఆమె కూర్చోలేకపోయింది. గదిలోకి పోయి మాత్రల పెట్టె తెచ్చింది. పెట్టె మూత మీద అత్యవసరమైతే చెయ్యమని ఒక నంబరు అచ్చువేసి ఉంది. తొందరలో రెండుసార్లు తప్పు నొక్కితే, మాస్టారు ఫోన్ తీసుకుని నంబరు కలిపి, స్పీకరు పెట్టి, బల్ల మధ్యలో ఉంచాడు.

"చెప్పండి," అంది నర్సు గొంతు.

ఆమె పెట్టె మీది పేషెంటు నంబరు చదివింది. రెండుసార్లు స్పృహ తప్పాడని, నాడి నలభై ఆరని చెప్పింది. అవతల కీబోర్డు చప్పుడు.

"రెండుసార్లా? మా దగ్గర ఒక్కటీ లేదండీ. పోయిన బుధవారం కూడా అంతా బాగుందనే రాసుంది. ఫోన్‌లో ఎవరు చెప్పారో?"

హాల్లో అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. చిన్న కోడలు అత్తగారి చేతిలోంచి చెయ్యి తీసుకుని బల్ల దగ్గరికి వచ్చి వంగింది.

"నేనేనండీ. ఆయన భార్యని. అబద్ధం చెప్పాను. మూడు వారాల కిందటే ఒకసారి పడ్డారు, దాచాను. తప్పు నాదే, ఆయన మీద రాయకండి."

తడబడకుండా చెప్పింది. చెప్పి, వెనక్కి పోకుండా అక్కడే నిలబడింది.

పెద్ద కోడలు ఆ అమ్మాయి వైపు చూసింది. చదువు లేదని అత్తగారు రోజూ దెప్పే పిల్ల. నిజం చెప్పడానికి దానికి మూడుసార్లు చూసుకోవలసిన పని పడలేదు. సిగ్గుతో పెద్ద కోడలి చెవులు మండాయి.

"మందు గుండెలోని రిసెప్టర్ జోలికి పోదని రాసిన ప్రయోగం నాదండీ," అంది ఆమె ఫోనులోకి. "పేషెంటుకి వదినని. ఆ ప్రయోగం తప్పు. మందు గుండెని నెమ్మదింపజేస్తోంది. ఇవాళ సాయంత్రం మాత్ర ఎవరూ వేసుకోకూడదు. ముందు డాక్టరుకి చెప్పండి, మిగతా వివరాలు తర్వాత రాసుకోండి."

నర్సు గొంతు మారింది. పక్కనున్న ఎవరినో పిలిచింది. కుర్చీ జరిగిన చప్పుడు, పరుగెత్తిన అడుగులు. మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చింది.

"డాక్టరుగారికి వెళ్ళి చెబుతున్నారు, అందరికీ ఫోన్లు వెళతాయి. మీరు లైన్లోనే ఉండండి. ఒక్క తేదీ కావాలి మాకు. ప్రయోగం తప్పని మీకు ఏ రోజున తెలిసింది? ఆ రోజు తర్వాత పడినవాళ్ళని విడిగా రాయాలి."

మాస్టారు ఆమెకి సాయంగా నోరు తెరిచాడు. "నిన్న సా..."

"మంగళవారం," అంది ఆమె.

ఆయన నోరు అలాగే ఉండిపోయింది. మరిది చెయ్యి నుదుటి పట్టీ మీంచి ఒళ్ళోకి జారింది.

"మంగళవారమా?" అంది చిన్న కోడలు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నట్టు మెల్లగా అంది. "ఆయన మెట్ల మీద పడింది శుక్రవారం కదక్కా."



"మంగళవారం ఎన్ని గంటలకండీ?" అంటోంది ఫోనులో నర్సు. "హలో. ఉన్నారా?"